ఇంట్లో సుగంధ తైలాలు: అపోహలు - వాస్తవాలు

వంద కిలోల పచ్చి నిమ్మగడ్డిని ఆవిరి పట్టిస్తే చేతికొచ్చే తైలం అర కిలో, మహా అయితే ముప్పావు కిలో. "ఆకు మరిగించి తాగితే ఏమీ కాలేదు, నూనె రెండు చుక్కలు తాగితే ఏమవుతుంది?" అని అడిగేవారికి జవాబు ఆ లెక్కలోనే ఉంది.

అపోహ: మొక్క నుంచి వచ్చిందే కదా, పిల్లలకు ఏమీ కాదు.

మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా భయపడాల్సినవి నీలగిరి తైలం, కర్పూరం. ఒక చెంచా నీలగిరి తైలం మింగిన పసివాడికి నిమిషాల్లో మగత, ఫిట్స్ రావచ్చు. కర్పూరమైతే ఒక్క గ్రాము కూడా ఏడాదిన్నర పిల్లల ప్రాణం మీదికి తేగలదు. అమెరికాలో 1983 నుంచి పైపూత మందుల్లో కర్పూరం 11 శాతం మించకూడదనే నిబంధన ఉంది. హారతి బిళ్లలేమో మన దేవుడి గూట్లో చేతికందేలా ఉంటాయి! రెండేళ్లలోపు పిల్లలకు ముక్కు దగ్గర బామ్ రాయడం, మెడలో కర్పూరం మూట కట్టడం మానేయాలి. జలుబుకు సెలైన్ చుక్కలు చాలు. పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసా చేత పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి, లేదా 108కి ఫోన్ చేయాలి.

అపోహ: ఆవిరి పట్టే నీళ్లలో ఎంత ఎక్కువ వేస్తే అంత గుణం.

తైలం నీళ్లలో కరగదు, పైన తేలుతుంది. అందుకే నాలుగైదు చుక్కలు వేస్తే మొదటి ఊపిరిలోనే ఘాటంతా కొట్టి కళ్లు మండుతాయి. లీటరు నీళ్లకు ఒక్క చుక్క సరిపోతుంది. కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు పడితే చాలు. నిజానికి తైలం కంటే గిన్నె తిరగబడి ఒళ్లు కాలడమే పెద్ద ప్రమాదం. పొయ్యి మీద నుంచి దించి రెండు మూడు నిమిషాలు ఆగి, అడుగుభాగం వెడల్పుగా ఉన్న గిన్నెలో పోసుకోండి. పిల్లలకు దుప్పటి కప్పి ఆవిరి పట్టించనే వద్దు. ఆస్తమా ఉన్నవారికి ఆ ఘాటే ఆయాసం తెస్తుంది.

అపోహ: నేరుగా రాస్తేనే పనిచేస్తుంది.

నేరుగా రాస్తే చర్మం కమిలిపోవచ్చు. అంతకంటే చెడ్డది, ఒకసారి అలర్జీ మొదలైతే ఆ తైలం ఇక జీవితాంతం పడకపోవచ్చు. లెక్క సులువే: ఒక మిల్లీలీటరుకు దాదాపు 20 చుక్కలు. 30 మి.లీ. కొబ్బరినూనెలోగానీ నువ్వుల నూనెలోగానీ 6 చుక్కలు వేస్తే ఒక శాతం, 12 వేస్తే రెండు శాతం. ముఖానికి ఒక శాతం, ఒంటికి రెండు శాతం దాటవద్దు. లవంగ తైలమైతే అదే 30 మి.లీ.కి 3 చుక్కలే. దాల్చినచెక్క తైలం ఇంట్లో చర్మానికి వాడకపోవడమే మంచిది. ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒక రోజు చూడండి. మండితే నీళ్లు పోయకుండా, ముందు కొబ్బరినూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి.

బకెట్ నీళ్లలో చుక్కలు వేసుకుని స్నానం చేయడమూ ఇదే తప్పు. తేలిన తైలం పలచబడకుండా ఒంటికి అంటుకుంటుంది.

అపోహ: పంటి నొప్పికి లవంగ నూనె పోస్తే పుచ్చు తగ్గుతుంది.

అందులోని యూజెనాల్ కాసేపు తిమ్మిరి పట్టిస్తుంది, అంతే. పుచ్చు అలాగే ఉంటుంది. నేరుగా పోస్తే చిగురు కాలుతుంది. అర చెంచా కొబ్బరినూనెలో ఒక చుక్క కలిపి, దూది తడిపి, పంటి మీదే పెట్టాలి. పిల్లలకు వద్దు.

అపోహ: ఖాళీ అయిన దోమల లిక్విడ్ సీసాలో వేపనూనె, కర్పూరం, నీలగిరి తైలం నింపుకోవచ్చు.

వీడియోల్లో చూపించినంత తేలిక కాదిది. వేపనూనె చిక్కన, వత్తిలోకి ఎక్కదు. ఎక్కడానికని కొందరు కిరోసిన్ కలుపుతారు. నీలగిరి తైలం ఆవిరి 50 డిగ్రీల దగ్గరే నిప్పు తగిలితే అంటుకుంటుంది. అలాంటిదాన్ని వేడెక్కే మిషన్‌లో పెట్టి తలుపులు బిగించుకుని పడుకుంటామా? నిమ్మగడ్డి, సిట్రొనెల్లా తైలాలు దోమల్ని కొంతసేపు దూరం పెట్టే మాట నిజమే, కానీ గంటా రెండు గంటలకే ఎగిరిపోతాయి. డెంగీ రోజుల్లో వాటినే నమ్ముకోవద్దు. దోమతెర కట్టండి.

అపోహ: కాగితం మీద మరక పడకపోతే అసలైనది.

వంటనూనె కలిపారేమో అని మాత్రమే ఈ పరీక్ష చెబుతుంది. వట్టివేరు, చందనం లాంటి బరువైన తైలాలు స్వచ్ఛమైనవైనా మరక వదులుతాయి. చవకరకం రసాయన సువాసనలు మరక లేకుండానే ఆరిపోతాయి. ఏ తైలంలో ఏముందో తేల్చేది జీసీ-ఎంఎస్ పరీక్ష (తైలంలోని పదార్థాలను విడదీసి గుర్తుపట్టే ల్యాబ్ పరీక్ష), ఆ బ్యాచ్ నివేదిక అడగండి. సీసా మీది "థెరప్యూటిక్ గ్రేడ్" అమ్మకపు మాట, దానికి ప్రభుత్వ ప్రమాణమేదీ లేదు. మల్లె విషయం మరీ చిత్రం. ఆవిరి వేడికి ఆ పరిమళం పాడవుతుంది కాబట్టి ద్రావకాలతో తీసి అబ్సల్యూట్ (చిక్కటి పరిమళ సారం) చేస్తారు, అది ఖరీదైన సరుకు. వంద రూపాయల సీసాలో ఉన్నది మల్లె కాదు.

అపోహ: తైలాలకు గడువు ఉండదు.

నిమ్మ, నారింజ, టీ ట్రీ తైలాలు గాలి తగిలేకొద్దీ ఆక్సీకరణ చెందుతాయి. కొత్తగా ఉన్నప్పుడు పడిన చర్మానికే పాతబడ్డాక దద్దుర్లు తెస్తాయి. సీసా మీద తెరిచిన తేదీ రాసి, ఫ్రిజ్‌లో పెట్టి, ఏడాదిలో వాడేయండి. తొక్క పిండి తీసిన నిమ్మ తైలం రాసుకుంటే పన్నెండు గంటలు ఎండ తగలనీయకండి, చర్మం కాలి మచ్చపడుతుంది.

డిఫ్యూజర్‌లో (తైలం వాసనను గదిలోకి వెదజల్లే పరికరంలో) 100 మి.లీ. నీళ్లకు మూడు నాలుగు చుక్కలు వేసి, అరగంట నడిపి ఆపేయండి. కిటికీ కాస్త తెరిచి ఉండాలి. ఇంట్లో పిల్లి ఉంటే అది బయటికి పోయేలా ఆ గది తలుపు తెరిచే ఉంచండి. ఈ తైలాల్లోని చాలా పదార్థాలను పిల్లి కాలేయం విరగ్గొట్టలేకపోతుంది. టీ ట్రీ అయితే దాని ఒంటికి అసలు తగలకూడదు.