పొద్దున పడిపోయే డిక్కీ తలుపు

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు బెంగళూరులో తెల్లవారకముందే కారు సర్దుకుంటారు. డిక్కీ తలుపు ఎత్తి బ్యాగు కోసం వంగేసరికి, అది మెల్లగా దిగొచ్చి నెత్తికి తగులుతుంది. ఇంట్లో ఒకరు పట్టుకుని నిలబడితే తప్ప సామాను ఎక్కదు. అదే తలుపు మధ్యాహ్నం అనంతపురం దాటాక ఎండలో తెరిస్తే బుద్ధిగా నిలబడుతుంది. దాంతో, పొద్దున సరిగ్గా ఎత్తలేదేమో అనుకుని ఊరుకుంటారు. ఎత్తడంలో లోపమేమీ లేదు. తలుపుకు రెండు పక్కలా ఉండే గ్యాస్ స్ట్రట్లు, గ్యారేజీ భాషలో డిక్కీ షాకర్లు, అయిపోవచ్చాయి.

పేరు షాకరే గానీ లోపల స్ప్రింగు చుట్ట ఉండదు. గట్టిగా కుక్కిన నైట్రోజన్, కాస్త నూనె, రాడ్డు చివర ఒక పిస్టన్, అంతే. సైకిలు పంపులో పిస్టన్ గాలిని అవతలికి పోనివ్వదు. ఇందులోని పిస్టన్‌కు మాత్రం కావాలనే సన్నని దారి పెడతారు. కాబట్టి దానికి రెండు వైపులా ఒత్తిడి ఒకటే. మరి రాడ్డును బయటికి తోసేదేమిటి? పిస్టన్ వెనక ముఖం మొత్తం మీద వాయువు నొక్కుతుంది. ముందు ముఖం మీద మాత్రం రాడ్డు ఆక్రమించిన చోట నొక్కడానికి వీల్లేదు. తోపంతా ఆ తేడాలోంచే వస్తుంది. 8 మి.మీ. రాడ్డు అడ్డుకోత వైశాల్యం 50 చదరపు మి.మీ. అది 420 న్యూటన్ల బలంతో తొయ్యాలంటే లోపల దాదాపు 84 బార్ల ఒత్తిడి కావాలి. మన కారు టైర్లలో ఉండేది రెండున్నర బార్ల లోపే. మామూలు గాలి కాకుండా నైట్రోజనే ఎందుకంటే, అంత ఒత్తిడిలో ఆక్సిజన్, నూనె ఒకేచోట ఉండటం మంచిది కాదు.

ఇంత బలం ఎందుకన్నది కీలు దగ్గర తెలుస్తుంది. 17 కిలోల తలుపు బరువు కీలుకు అర మీటరు దూరంలో కిందికి లాగుతుంటే, షాకర్ల పట్టు కీలుకు 12 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. దూరం నాలుగో వంతయితే బలం నాలుగింతలు కావాలి. లెక్క వేస్తే ఒక్కో షాకరుకు సుమారు 350 న్యూటన్లు పడుతుంది, రెండూ కలిపి 70 కిలోల బరువును మోసినట్టు.

ఇక చలి సంగతి. షాకరు మీద అచ్చువేసే న్యూటన్ల అంకె 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరిది. మూసి ఉన్న వాయువు ఒత్తిడి కెల్విన్ ఉష్ణోగ్రతను (సెల్సియస్ అంకెకు 273 కలిపితే వచ్చేది) బట్టి మారుతుంది. 420 న్యూటన్లది ఏళ్లు గడిచి 345కి దిగిందనుకుందాం. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల్లో అది 339 అవుతుంది, తలుపు దిగిపోతుంది. ఎండలో కారు 40 డిగ్రీలకు వేడెక్కితే 369 అవుతుంది, తలుపు నిలబడుతుంది. వాయువు కొత్తగా పుట్టిందేమీ లేదు. చెన్నైలో ఏడాది పొడుగునా వేడి కాబట్టి ఈ హెచ్చరిక ఆలస్యంగా అందుతుంది, పడేనాటికి ఒక్కసారిగా పడుతుంది.

వాయువు పోయేది రాడ్డు చుట్టూ ఉన్న రబ్బరు సీలులోంచి. కొత్తదైనా అణువణువుగా కారుతూనే ఉంటుంది. రాడ్డు మీద గీత పడిందా, ఆ గీత ప్రతిసారీ సీలును కోస్తుంది. తుప్పు, సిమెంటు దుమ్ము, డెంటింగ్ షాపులో ఎగిరిపడిన పెయింటు చుక్క, ప్లయరుతో పట్టుకోవడం, ఇవన్నీ ఒకటే పని చేస్తాయి. రాడ్డు మీద తడి నూనె కనబడితే సీలు తెగినట్టే.

కొనేటప్పుడు కారు పేరొక్కటే చెబితే చాలదు. బెంగళూరు జేసీ రోడ్డులో ఏ స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లినా పాతది చేతిలో పెట్టుకుని వెళ్లడం మేలు. మూడు అంకెలు కలవాలి: పూర్తిగా సాగినప్పటి పొడవు (రెండు చివర్లా కారు మీది గుండ్రటి బాల్‌ను పట్టుకునే సాకెట్ల నడిమి నుంచి నడిమికి), లోపలికి పోయే దూరం అంటే స్ట్రోకు, న్యూటన్లు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మూసినప్పటి పొడవు వస్తుంది, అసలు ప్రమాదం అక్కడుంది. సాగినప్పుడు 490, స్ట్రోకు 190 అయితే మూసినప్పుడు 300 మి.మీ. కారులో తలుపు మూసినప్పుడు ఉన్న చోటు 295 అనుకోండి. ఆ 5 మి.మీ. తేడాకు తలుపు లాక్ దాకా రాదు. బలంగా వేస్తే బ్రాకెట్టు వంగుతుంది. న్యూటన్లు ఎక్కువైతే మంచిదే కదా అనుకోవడమూ పొరపాటే. మూయడం కష్టమవుతుంది, తెరిచినప్పుడు కీళ్ల మీద దెబ్బ పడుతుంది. వెనక స్పాయిలర్ బిగించి తలుపు బరువు పెంచినవాళ్లు మాత్రం అదే కొలతలో కాస్త ఎక్కువ న్యూటన్లది అడగవచ్చు.

ఒకటి బాగుందనిపించినా జతగానే మార్చాలి. కొత్తది బలంగా, పాతది నీరసంగా తోస్తే తలుపు మెలితిరిగి దాని చుట్టూ ఉండే గ్యాపులు తేడా వస్తాయి.

బిగించడం పావుగంట పని. తలుపును పూర్తిగా ఎత్తి, ఒక మనిషి పట్టుకున్నా సరే, లాక్ దగ్గర గట్టి కర్రో పీవీసీ పైపు ముక్కో ఆనించాలి. రెండూ ఒకేసారి విప్పకూడదు. సాకెట్ వెనక సన్నని స్టీలు క్లిప్పు ఉంటుంది. దాని కింద చిన్న ఫ్లాట్ స్క్రూడ్రైవరు పెట్టి 3, 4 మి.మీ. లేపితే చాలు, సాకెట్ బాల్ మీంచి ఊడొస్తుంది. పూర్తిగా పీకితే క్లిప్పు ఎగిరి ఎక్కడో పడుతుంది, వెతకడానికే అరగంట. బాల్ తుడిచి, గోరంత గ్రీజు రాసి, దాని మరలు వదులుగా లేవని చూసుకోవాలి. కొత్తది పాతది ఉన్న దిక్కులోనే పెట్టాలి. సాధారణంగా తలుపు తెరిచినప్పుడు రాడ్డు కిందికి ఉంటుంది. అప్పుడే లోపలి నూనె సీలు దగ్గరికి చేరి దాన్ని తడిపి ఉంచుతుంది, తెరుచుకునే ఆఖర్లో వేగాన్నీ తగ్గిస్తుంది. తలకిందులుగా పెడితే తలుపు చివర్లో ఠప్పున ఆగుతుంది. అరచేత్తో నొక్కితే సాకెట్ టక్‌మని కూర్చోవాలి. అందకపోతే తలుపును ఇంకాస్త ఎత్తించాలే గానీ షాకరును చేత్తో నొక్కి పొట్టి చేయాలని చూడకూడదు, 40 కిలోల పైచిలుకు బలం అది.

మొదటిసారి మెల్లగా, చేత్తో ఆపుకుంటూ మూసి, ఎక్కడా తగలడం లేదని చూశాకే లాక్ వేయాలి. కరెంటుతో తెరుచుకునే తలుపుల పని వేరు, వాటి జోలికి ఇలా పోకండి. చాలా సెడాన్ల డిక్కీ మూతకు షాకర్లే ఉండవు, మెలిపెట్టిన స్టీలు కడ్డీలుంటాయి. విప్పితే చేతికి తగిలేలా విసురుతాయి.

పాతదానికి రంధ్రం చేసి మళ్లీ గ్యాస్ నింపి వెల్డింగ్ చేసిస్తామనేవాళ్లు దొరుకుతారు. వద్దు. తలుపును నిలపలేకపోయినంత మాత్రాన అది ఖాళీ అయినట్టు కాదు, 345 న్యూటన్లకు దిగినదాంట్లో ఇంకా 69 బార్లు ఉన్నాయి. పాత ఇనుము కొట్టుకు వేసేటప్పుడు ఈ ముక్క చెప్పి ఇవ్వండి, కట్టరు పెట్టేది వాళ్లే.