కాడిలాక్ డీలర్లు 1981ని ఎందుకు మర్చిపోలేరు

ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇస్తున్న 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. ఆ తర్వాత రెండు వారాలకే, ఎలక్ట్రిక్ ప్లాన్లు తగ్గించుకుంటున్నందువల్ల 160 కోట్ల డాలర్ల భారం పడుతోందని జనరల్ మోటార్స్ (జీఎం) ప్రకటించింది. దాంతో ఆ కంపెనీ లగ్జరీ కార్ల బ్రాండ్ కాడిలాక్ విషయంలో పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. 2030కల్లా ఈ బ్రాండ్ పూర్తిగా ఎలక్ట్రిక్ అయిపోతుందని 2021లో కంపెనీ గట్టిగా చెప్పింది. ఆ మాట మీద డబ్బు పెట్టిన డీలర్ల సంగతేంటి? అదే మాట విని ఫ్రాంచైజీ వదిలేసి వెళ్లిపోయినవాళ్ల సంగతేంటి?

హెన్రీ లేలాండ్ 1902లో కాడిలాక్ కంపెనీ మొదలుపెట్టడం, 1909లో జీఎం దాన్ని కొనడం, 1912లో సెల్ఫ్ స్టార్టర్ రావడం, 1959 మోడల్ వెనక భాగాన ఆ పొడవాటి రెక్కలు... ఇవన్నీ చాలాసార్లు చెప్పుకున్నవే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. 1981 దగ్గర ఆగితే చాలు.

1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా కాంగ్రెస్ 1975లో మైలేజీ చట్టం చేసింది. ఒక కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీ 1978లో గ్యాలన్‌కు 18 మైళ్లు, 1985కల్లా 27.5 మైళ్లు ఉండాలన్నారు. మన లెక్కలో లీటరుకు ఏడున్నర కిలోమీటర్ల నుంచి పదకొండున్నర దాటాలి. 1976 దాకా 8.2 లీటర్ల ఇంజిన్‌తో కార్లు అమ్మిన కాడిలాక్‌కు ఇది మామూలు పరీక్ష కాదు. గడువు ముంచుకొస్తుంటే చేతికి దొరికిన ప్రతి దారినీ పట్టుకున్నారు.

మొదట డీజిల్. జీఎంలోనే ఉన్న ఓల్డ్స్‌మొబీల్ తయారుచేసిన 5.7 లీటర్ల వీ8 అది. డీజిల్ ఇంజిన్‌లో ఒత్తిడి పెట్రోల్ ఇంజిన్‌లో కంటే చాలా ఎక్కువ. అయినా సిలిండర్ హెడ్‌ను పట్టి ఉంచే బోల్టుల అమరికను పెట్రోల్ ఇంజిన్‌లో ఉన్నట్టే ఉంచేశారు. ఇంధనంలో నీళ్లను వేరుచేసే పరికరం కూడా పెట్టలేదు. బోల్టులు సాగాయి, ఇంజిన్ భాగాల మధ్య లీకుల్ని ఆపే గ్యాస్కెట్లు పోయాయి, కేసులు పడ్డాయి.

1981 మోడళ్లకు ఇంకో ఇంజిన్ వచ్చింది. రోడ్డును బట్టి ఎనిమిది సిలిండర్లలో రెండింటినో నాలుగింటినో దానంతట అదే ఆపేసుకుంటుంది. బటన్ నొక్కితే ఎన్ని పనిచేస్తున్నాయో డాష్‌బోర్డు మీద అంకె కనిపిస్తుంది. ఆలోచన గొప్పదే. ఈరోజు పెద్ద పెద్ద పెట్రోల్ ఇంజిన్లు అదే పద్ధతి మీద నడుస్తున్నాయి. కానీ దాన్ని నడిపించాల్సిన అప్పటి కంప్యూటర్‌కు ఆ వేగం లేదు. ఆరు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి ఎనిమిదికి మారేటప్పుడు కారు కుదుపులు పెట్టేది. ఒక వైరు తీసేస్తే చాలు, మామూలు వీ8లా నడుస్తుందని మెకానిక్‌లు కనిపెట్టారు. లగ్జరీ కారుకు భారీగా డబ్బు కట్టిన మనిషి, అందులోని కొత్త టెక్నాలజీని ఆపేయించుకోవడానికి షెడ్డుకు రావడం ఏమిటి! లిమోజిన్లు తప్ప మిగతా కార్లలో అది ఏడాదికే పోయింది.

1982లో దాని స్థానంలో వచ్చిన 4.1 లీటర్ల అల్యూమినియం ఇంజిన్‌కు 125 హార్స్‌పవర్ మాత్రమే. అదీ గ్యాస్కెట్ల సమస్యతోనే పేరు పోగొట్టుకుంది.

వీటన్నిటినీ మించినది సిమరాన్. 1981 వేసవికి ముందు షోరూముల్లోకి వచ్చిన ఈ చిన్న కాడిలాక్, జీఎంకే చెందిన మామూలు బ్రాండ్ షెవ్రొలే అమ్మిన కావలియర్‌కు తోబుట్టువు. నాలుగు సిలిండర్లు, 88 హార్స్‌పవర్, మామూలుగా ఇచ్చే గేర్లు మాన్యువల్. ధర మాత్రం 12 వేల డాలర్లు దాటింది. లోపల లెదర్ సీట్లు వేశారు, ముందు గ్రిల్ మార్చారు. బయటికి చూస్తే కావలియరే. ఈ కారును కాడిలాక్‌గా మలచడానికి టైం చాలదని జీఎం ప్రెసిడెంట్ పీట్ ఎస్టెస్ ముందే హెచ్చరించారని చెబుతారు. వినలేదు. 1988లో ఆపేసేసరికి ఏడేళ్లలో లక్షా 32 వేలే అమ్ముడయ్యాయి.

సిమరాన్ కోసం డీలర్లే పట్టుబట్టారని కంపెనీ వైపు వాళ్లు ఇప్పటికీ అంటుంటారు. చిన్న కారు కావాలని వాళ్లు అడిగిన మాట నిజం. బీఎండబ్ల్యూ వైపు వెళ్లిపోతున్న కుర్ర కస్టమర్లను రోజూ చూస్తున్నది వాళ్లే మరి. కానీ వాళ్లు అడిగింది చిన్న కాడిలాక్‌ను. వచ్చింది ఖరీదైన షెవ్రొలే. ఈ రెండూ ఒకటి కావని రుజువు అంతకుముందే ఉంది. 1975లో వచ్చిన సెవిల్ కూడా షెవ్రొలే నోవా పునాది మీద కట్టిందే. అయితే దాన్ని ఎంతగా మార్చారంటే, మూలం ఏమిటో కొనేవాడికి గుర్తే రాలేదు. మామూలు కాడిలాక్‌ల కంటే చిన్నదైనా ఎక్కువ ధరకు అమ్మారు, జనం కొన్నారు. తేడా వచ్చింది పనిలో, ఆ పనికి ఇచ్చిన సమయంలో.

ఆ దెబ్బకు మూల్యం చాలా కాలం కట్టాల్సి వచ్చింది. 1989లో టయోటా లగ్జరీ బ్రాండ్ లెక్సస్ పోటీకి వచ్చింది. 1998లో ఫోర్డ్ లగ్జరీ బ్రాండ్ లింకన్ కంటే తామే ఎక్కువ అమ్మామని కాడిలాక్ చెప్పుకుంది, ఆ అంకెలు పెంచి చూపినవని 1999లో ఒప్పుకుని క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. కాడిలాక్ పెద్ద ఎస్‌యూవీ ఎస్కలేడ్ కూడా లింకన్ ఎస్‌యూవీ నావిగేటర్‌ను చూసి హడావుడిగా దింపిందేగా, అది నెగ్గలేదా అని అడగొచ్చు. నెగ్గింది. అందులో అరకొర టెక్నాలజీ ఏదీ లేదు. జీఎం మరో బ్రాండ్ జీఎంసీ అమ్మే యూకాన్ డెనాలీలో అప్పటికే పరీక్షకు నిలిచిన ఇంజిన్, పరీక్షకు నిలిచిన ఛాసిస్. కస్టమర్‌ను ప్రయోగానికి వాడుకోలేదు.

2014 మోడల్‌గా వచ్చిన కాడిలాక్ ఈఎల్‌ఆర్‌తో సిమరాన్ కథ మళ్లీ జరిగింది. షెవ్రొలే వోల్ట్ అనే ప్లగ్-ఇన్ కారు మీద కట్టిన రెండు డోర్ల కారుకు దాదాపు 76 వేల డాలర్లు పెట్టారు. అమెరికాలో మూడు వేలు కూడా అమ్ముడుపోలేదు.

ఇంత చూసిన డీలర్ల ముందుకు 2020 చివర్లో కంపెనీ ఒక షరతు తెచ్చింది. చార్జర్లకు, పనిముట్లకు, ట్రైనింగ్‌కు సుమారు 2 లక్షల డాలర్లు పెట్టండి, లేదా డబ్బు తీసుకుని తప్పుకోండి. అప్పటికి డీలర్లు 880 మంది దాకా ఉన్నారు. మొదటి విడతలోనే దాదాపు 150 మంది తప్పుకున్నారు. 2021 ముగిసేసరికి మిగిలింది 560 మందే. నెలకు నాలుగు కాడిలాక్‌లు అమ్ముకునే చిన్న ఊరి డీలర్‌కు ఆ పెట్టుబడి ఎప్పటికి తిరిగొస్తుంది? భవిష్యత్తంటే భయపడ్డారని వాళ్లను ఎద్దేవా చేసిన రాతలు అప్పట్లో చాలానే వచ్చాయి. ఆ భయం గాల్లోంచి పుట్టలేదు.

కంపెనీ మాటకూ విలువ ఉంది. కాడిలాక్ ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ లిరిక్ సిమరాన్ కాదు. దానికంటూ ఒక రూపం ఉంది, 2024లో అమెరికాలో 28 వేలకు పైగా అమ్ముడైంది. మార్కెట్‌ను బట్టి నడవాలి కాబట్టి 2030 తర్వాత కూడా పెట్రోల్, ఎలక్ట్రిక్ పక్కపక్కనే ఉంటాయని 2024 నుంచి చెబుతున్నారు.

ఆ మాట వచ్చేసరికి వెళ్లినవాళ్లు వెళ్లిపోయారు. ఉన్నవాళ్ల దగ్గర చార్జర్లు బిగించి ఉన్నాయి. కాడిలాక్ పెట్రోల్ ఎస్‌యూవీల్లో అన్నిటికంటే తక్కువ ధరకు దొరికే ఎక్స్‌టీ4 తయారీ మాత్రం 2025 మొదట్లో కాన్సస్ ప్లాంటులో ఆగిపోయింది, దాని బదులు షోరూముకు వచ్చింది ఎలక్ట్రిక్ ఆప్టిక్. రాయితీ ఉన్న రోజుల లెక్కతో పెట్టుబడి పెట్టిన డీలర్, రాయితీ లేని రోజుల్లో దాన్ని అమ్మాలి.