జైలు లోపల ముఠా ఎలా తోడుకుంటుంది?

చిరంజీవులు చైతన్యకు, అనన్యకు, వారి పక్కన కూర్చుని ఈ ఉత్తరం చదవబోయే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం అనన్య ఫోనులో ఒక ప్రశ్న అడిగింది. జైల్లో ఉన్న మనిషి ఒకడు లోపలి నుంచే బయటి వ్యాపారులను బెదిరించి డబ్బు వసూలు చేయిస్తున్నాడని టీవీలో చెప్పారట. "తాళం వేసి కూర్చోబెట్టినవాడు ఆ పని ఎలా చేయగలడు తాతయ్యా? అసలు జైల్లో ముఠాలు ఎందుకుంటాయి?" అని అడిగింది. అది ఫోనులో రెండు మాటల్లో తేలే ప్రశ్న కాదు. చెడ్డవాళ్ళందరినీ ఒకచోట చేర్చారు కాబట్టి చెడ్డ పనులు జరుగుతున్నాయని చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఆ జవాబు నాకు నచ్చదు. అందులో నిజం పాతిక పాలు కూడా లేదు.

మీ నాయనమ్మ రాత్రిపూట పాలు తోడు పెట్టడం మీరు చూశారు కదా. కాచిన పాలు గోరువెచ్చగా చల్లారాక గిన్నెలో పోసి, చెంచాడు మజ్జిగ వేసి, మూత పెట్టి ఒక మూల ఉంచుతుంది. తెల్లవారేసరికి గిన్నెడు పాలూ గడ్డ పెరుగవుతాయి. ఒక రాత్రి ఆమె తోడు వేయడం మరిచిపోయిందనుకోండి, పొద్దుటికి ఆ పాలు పాలలాగే ఉంటాయా? ఉండవు. గిన్నెకు అంటుకున్నదో గాలిలో ఉన్నదో ఏదో ఒకటి వాటిని పట్టుకుంటుంది, విరిగిపోయి వాసన వేస్తాయి. మంచి తోడు మనం వేయకపోతే మరేదో తోడు తనంతట తానే పడుతుంది. వేలమంది మనుషులను ఒక గోడ లోపల పోసి, మూత పెట్టి, వారి సంగతి మరిచిపోయినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే దగ్గరి పోలిక దొరకలేదు.

ఇది నిజంగా జరిగిన చోటు బ్రెజిల్ దేశం. అక్కడి సావో పాలో మహానగరంలో కరందిరు అనే జైలు ఉండేది. లాటిన్ అమెరికాలో అప్పటికి అంతకంటే పెద్ద జైలు లేదు. అందులో ఉండవలసినవారికి దాదాపు రెట్టింపుగా, ఏడు వేలమందికి పైగా ఖైదీలను కుక్కారు. వందలాది మంది ఉండే బ్లాకుకు కాపలాదారులు వేళ్ళమీద లెక్కించదగినంతమందే ఉండేవారు. తాళాలు ప్రభుత్వం చేతిలో ఉన్నాయి గానీ, తాళానికి లోపలి వైపున ఎవరు ఎక్కడ పడుకోవాలి, ఎవరి సబ్బు ఎవరు తీసుకోవచ్చు, ఎవరిని ఎవరు కొట్టవచ్చు అనేవన్నీ ఖైదీలే తేల్చుకోవలసి వచ్చేది. 1992 అక్టోబరు 2న ఆ జైలు తొమ్మిదో బ్లాకులో ఇద్దరు ఖైదీల మధ్య మొదలైన తగాదా పెద్ద కొట్లాటగా మారింది. ఆ బ్లాకులో ఉన్నవారిలో చాలామంది మొదటిసారి జైలు మొహం చూసినవారు, ఇంకా తీర్పు కూడా రానివారు. పోలీసులు తుపాకులతో లోపలికి వెళ్ళారు. ఆ రోజు 111 మంది ఖైదీలు చనిపోయారు, పోలీసుల్లో ఒక్కరు కూడా చనిపోలేదు. ఈ సంగతి మీ వయసు పిల్లలకు చెప్పవచ్చునా అని కొంచెంసేపు ఆలోచించాను. దీన్ని దాచిపెడితే తరువాత జరిగినదేదీ మీకు అర్థం కాదు కనుక చెబుతున్నాను.

మరుసటి ఏడాది, 1993 ఆగస్టు 31న, అదే రాష్ట్రంలోని తౌబాతే జైల్లో ఎనిమిదిమంది ఖైదీలు ఒక ముఠా కట్టారు. రోజులో ఇంచుమించు మొత్తం సమయం గదిలోనే బంధించి ఉంచే కఠినమైన జైలు అది. వారు పెట్టుకున్న పేరు ప్రిమెయిరో కొమాందో ద కాపితాల్, అంటే రాజధాని మొదటి దళం. చాటుకున్న ఆశయాలు శాంతి, న్యాయం, స్వేచ్ఛ. కరందిరులో జరిగినట్టు మరోసారి జరగనివ్వకూడదని, ఖైదీలు ఒకరినొకరు చంపుకోవడం మాని ఒక్కటిగా నిలబడాలని తమ నియమాలలో రాసుకున్నారు. ఆ ఎనిమిదిమంది సాధువులు కారు, వారు చేసిన నేరాలు చిన్నవీ కావు. అయినా వారి మాటలకు వేలమంది ఎందుకు చెవి ఒగ్గారో ఆలోచించండి. భయపడుతున్న మనిషికి రక్షణ ఇస్తానని ముందుగా ఎవరు చెబితే వారి మాటే అతనికి వేదం.

ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఒకడు ఏదో దొంగతనం చేసి ఆ జైలుకు వచ్చాడనుకుందాం. పరుపు లేదు, సబ్బు లేదు, వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేదు. తల్లి అతన్ని చూడాలంటే వందల కిలోమీటర్లు ప్రయాణం చేయాలి, బస్సు చార్జీకి ఆమె దగ్గర పైకం లేదు. ప్రభుత్వం ఇవ్వని ఈ ఒక్కొక్కటీ ముఠా ఇస్తుంది. సబ్బు ఇస్తుంది, వకీలును చూపిస్తుంది, దూరపు జైళ్ళలో ఉన్నవారి కుటుంబాలను ములాఖత్ రోజున తీసుకురావడానికి బస్సులు కూడా నడిపించింది. ఎవరైనా అతని జోలికి వస్తే పెద్దల ముందు పంచాయతీ పెట్టి తీర్పు చెబుతుంది. ఆ ముఠా పట్టు బిగిసిన జైళ్ళలో ఖైదీలు ఒకరినొకరు చంపుకోవడం తగ్గింది. పచ్చిగా మనిషిని పాడుచేసే క్రాక్ అనే మత్తుమందును లోపల వాడకూడదని కూడా ముఠాయే కట్టడి చేసింది. ఇదంతా నిజం, నిజాన్ని మీకు సగమే చెప్పడం నాకు ఇష్టం లేదు.

మిగతా సగం ఏమిటంటే, ఆ కుర్రవాడు తీసుకున్న ప్రతి సబ్బు బిళ్ళా ఒక బాకీ. ప్రమాణం చేసి సభ్యుడైతే ఆ ప్రమాణం శిక్షాకాలంతో ముగియదు. విడుదలై బయటికి వెళ్ళినా నెలనెలా చందా కట్టాలి, లేదా చెప్పిన పని చేయాలి, ఆ పని మత్తుమందు మోయడమైనా కావచ్చు, అంతకంటే ఘోరమైనదైనా కావచ్చు. కాదన్నవాడికి, మాట తప్పినవాడికి ముఠా వేసే శిక్షకు అప్పీలు లేదు. ముఠాతో పడనివారు ప్రాణభయంతో విడిగా ఒక ఇరుకు గదిలో, ఎండ కూడా సరిగ్గా తగలని చోట రోజులు గడపవలసి వస్తుంది. చిన్న తప్పు చేసి లోపలికి వెళ్ళినవాడు పెద్ద తప్పులకు కట్టుబడి బయటికి వస్తాడు. శిక్ష అతన్ని సరిచేయవలసింది పోయి, సరిచేసుకునే దారిని కూడా మూసివేసింది.

ఇక అధికారులు ఏం చేశారో వినండి, పాల గిన్నె దగ్గరికి మళ్ళీ వస్తాను. ముఠాను విడగొట్టాలని దాని నాయకులను ఒక్కొక్కరిని ఒక్కో జైలుకు, పక్క రాష్ట్రాల జైళ్ళకు కూడా పంపించారు. చూడడానికి ఇది తెలివైన ఆలోచనే. కానీ తోడును విడగొట్టి పలుచన చేయాలని ఒక్కో చెంచా తీసి ఒక్కో గిన్నెలో వేస్తే ఏమవుతుంది? ఒక గిన్నెలో ఉన్నది పది గిన్నెల్లో తోడుకుంటుంది. ఆ గిన్నెలన్నీ అంచుల దాకా నిండి, గోరువెచ్చగా, మూతలు పెట్టి సిద్ధంగానే ఉన్నాయి. 1990లో బ్రెజిల్ జైళ్ళలో తొంభై వేలమంది ఖైదీలు ఉండేవారు, 2016 నాటికి ఆ సంఖ్య ఏడు లక్షలు దాటింది. పాలు పోసేవారే తప్ప గిన్నె వంక చూసినవారు లేరు.

2001 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ములాఖత్ కోసం వచ్చిన తల్లులు, భార్యలు, పిల్లలు లోపల ఉండగానే, సావో పాలో రాష్ట్రంలోని 29 జైళ్ళలో ఒకేసారి తిరుగుబాటు లేచింది. దొంగతనంగా చేరవేసుకున్న సెల్‌ఫోన్లతో ఒక జైలు నుంచి ఇంకో జైలుకు మాట పంపుకున్నారు. 2006 మే నెలలో నాయకులను దూరపు జైలుకు తరలిస్తున్నారని తెలిసి అంతకు మించినది చేయించారు. డెబ్బైకి పైగా జైళ్ళు భగ్గుమన్నాయి, బయట పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి, బస్సులు తగలబడ్డాయి. కోటిమందికి పైగా నివసించే ఆ నగరంలో సోమవారంనాడు బస్సులు తిరగలేదు, దుకాణాలు, బడులు మూతపడ్డాయి. ఆ కొద్ది రోజుల్లో రాష్ట్రంలో ఐదు వందలమందికి పైగా మరణించారు. వారిలో పోలీసులు, జైలు ఉద్యోగులు ఉన్నారు. అంతకంటే చాలా ఎక్కువమంది పేదవాడల కుర్రవాళ్ళు, పోలీసుల ప్రతీకారానికి బలయ్యారని వారి తల్లులు సంఘం కట్టి ఇప్పటికీ న్యాయం అడుగుతున్నారు. తాళం వేసి ఉన్నవాడు బయట ఎలా నడిపించగలడని కదా అనన్యా నీ ప్రశ్న. తాళం మనిషికే వేయగలరు. అతనికి బాకీ పడి బయటికి వచ్చినవారు వీధి వీధినా ఉన్నారు, వారి చేతులన్నీ అతని చేతులే.

బయటికి వచ్చినవారి మాట వచ్చింది కాబట్టి నా చిన్నతనం సంగతి ఒకటి చెబుతాను. మా ఊళ్ళో పొలం గట్టు తగాదాలో జైలుకు వెళ్ళినాయన ఒకడు కొన్నేళ్ళకు తిరిగి వచ్చాడు. మా పెద్దవాళ్ళు ఆయన ఎదురుపడితే తల తిప్పుకునేవారు. మాకేమో ఆయన నీడ తొక్కవద్దని చెప్పారు. కోతలకు కూలీలు చాలని రోజుల్లో కూడా ఆయనను ఎవరూ పిలవలేదు. మా నాయనమ్మ ఒక్కతే పశువుల పాక దడి కట్టడానికి పిలిచింది. నేను స్తంభం చాటు నుంచి ఆయన చేతులనే చూస్తూ నిలబడ్డాను. తాటినార నీళ్ళలో నానబెట్టి, ముడి వేసి, మోకాలితో అదిమి, పళ్ళతో కొస పట్టి లాగి, ప్రతి ముడినీ బొటనవేలితో నొక్కి చూసుకుని గానీ తరువాతి ముడికి పోయేవాడు కాదు. ఆ దడి తుఫానుకు కూడా కదలలేదు. కొన్నాళ్ళకు పట్నం నుంచి ఇద్దరు మనుషులు వచ్చి ఆయన ఇల్లు ఎక్కడని అడిగారు. జైల్లో పరిచయమట. ఆ మర్నాటి నుంచి ఆయన ఊళ్ళో కనిపించలేదు. ఊరు పిలవని మనిషిని వాళ్ళు పేరు పెట్టి పిలిచారు, ఆయన వెళ్ళాడు. ఎవరు పిలుస్తారా అని ఎదురుచూస్తున్నవాడిని మనమే ముందు పిలవాలని నాకు ఈ వయసులో చాలా గట్టిగా అనిపిస్తోంది.

మన దేశానికి ఇదంతా దూరం అనుకోకండి. 2022 చివరినాటికి మన జైళ్ళలో నాలుగు లక్షల ముప్పై ఆరు వేలమందికి చోటు ఉంటే ఐదు లక్షల డెబ్బై మూడు వేలమంది ఉన్నారు. వారిలో నలుగురికి ముగ్గురు విచారణ ఖైదీలు, అంటే తప్పు చేశారో లేదో కోర్టు ఇంకా తేల్చనివారు. బెయిలు వచ్చినా పూచీకత్తు కట్టలేక లోపలే ఉండిపోయేవారూ ఉన్నారు. అలాంటివాడికి పూచీ కట్టడానికి ముందుకొచ్చేది ఎవరు అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

మంచి తోడు వేసినవారు కూడా ఆ బ్రెజిల్‌లోనే ఉన్నారు. మారియో ఒట్టొబోని అనే వకీలు 1972లో సావో జోసే దోస్ కాంపోస్ పట్టణంలో మొదలుపెట్టిన పద్ధతిలో ఇప్పుడు చాలా చిన్న చిన్న జైళ్ళు నడుస్తున్నాయి. అపాక్ అని పిలిచే ఆ జైళ్ళలో తుపాకీ పట్టిన కాపలాదారులు ఉండరు, తాళంచెవులు ఖైదీల దగ్గరే ఉంటాయి. వంట వారే చేసుకుంటారు, పని నేర్చుకుంటారు, ఒకరినొకరు అంకెలతో కాక పేర్లతో పిలుచుకుంటారు, ఊరివాళ్ళు వచ్చి పోతూ ఉంటారు. గిన్నె చిన్నది, పాలు తక్కువ, తోడు వేసిన చేయి రోజూ మూత తీసి చూసుకుంటుంది. తాళంచెవి చేతిలో ఉన్న మనిషి పారిపోకుండా ఎందుకు ఉంటాడో నేను మీకు పూర్తిగా వివరించలేను, దాని గురించి తలచుకున్న ప్రతిసారీ ఆశ్చర్యపోవడం తప్ప. ఆ దేశంలో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ఖైదీ ఒక పుస్తకం చదివి దాని గురించి రాసి ఇస్తే శిక్షలో నాలుగు రోజులు తగ్గుతాయి, ఏడాదికి పన్నెండు పుస్తకాల దాకా. చైతన్యా, నీలాంటి పుస్తకాల పురుగుకు ఇది నచ్చుతుందని తెలుసు. కరందిరు జైలును 2002లో మూసివేశారు, తరువాత చాలా భాగం కూల్చివేశారు, ఆ స్థలంలో ఇప్పుడు పెద్ద పార్కు, గ్రంథాలయం ఉన్నాయి.

మీరు బ్రెజిల్ దాకా వెళ్ళనక్కరలేదు. హైదరాబాదులో చంచల్‌గూడ జైలు దగ్గర జైళ్ళ శాఖ నడిపే పెట్రోలు బంకు ఉంది. శిక్ష అనుభవిస్తున్నవారిలో నమ్మకం సంపాదించుకున్నవారు, శిక్ష ముగించుకున్నవారు అలాంటి బంకుల్లో పని చేస్తుంటారు. ఈసారి నాన్న అటు వెళ్ళేటప్పుడు బండి అక్కడ ఆపమనండి. పెట్రోలు పోసే ఆయనకు నమస్కారం పెట్టండి, చిల్లర ఇచ్చినప్పుడు ఆయన మొహంలోకి చూసి మాట్లాడండి, ఏం నేరం చేశారని మాత్రం అడగవద్దు. మీరు ఏమేం చూశారో ఇద్దరూ విడివిడిగా నాకు రాయండి. అనన్యా, నీ ఉత్తరంలో అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయి తల్లీ.

ఇట్లు,
మీ తాతయ్య