గుల్లలు, పీతలు, భార లోహాలు: అపోహలు - వాస్తవాలు

సముద్రపు సరుకులో లోహాలు పరీక్షించే ల్యాబులో పని నాది. ఆ సంగతి తెలియగానే చుట్టాలందరూ అడిగేది ఒకటే, "ఇంతకీ పీతలు తినొచ్చా, వద్దా?" ఏ లోహం, ఏ జీవి, అందులో ఏ భాగం, ఏ నీళ్ళలోది అన్నవి తెలియకుండా దీనికి జవాబు లేదు.

అపోహ: గుల్లల్ని రాత్రంతా ఉప్పునీళ్ళలో ఉంచి, బాగా ఉడికిస్తే విషాలన్నీ పోతాయి.

నానబెడితే ఇసుక పోతుంది. ఉడికిస్తే సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. కాడ్మియం, సీసం లాంటి భార లోహాలు అలా కాదు, అవి మూలకాలు. ఎంత మంట పెట్టినా విరగవు. గుల్లలూ ఆల్చిప్పలూ నీళ్ళను వడకట్టుకుని బతుకుతాయి కాబట్టి నీళ్ళలో ఉన్నది ఒంట్లో పోగవుతుంది. చేరిన కాడ్మియాన్ని ఒక ప్రోటీను గట్టిగా పట్టి ఉంచుతుంది. శుభ్రమైన సముద్రపు నీళ్ళలోకి మార్చినా అది దిగడానికి వారాలు, నెలలు పడుతుంది. అమెరికాలో 1986 నుంచి తీర కాలుష్యాన్ని ఆల్చిప్పలతోనే కొలుస్తున్నారంటే కారణం ఇదే. ఓడరేవు గోడలకీ జెట్టీ స్తంభాలకీ పట్టినవి ఏరుకుని వండుకోవద్దు.

అపోహ: పీత బలమంతా డొప్పలో గుజ్జులోనే.

రుచంతా అంటే ఒప్పుకుంటాను. ఆ గుజ్జు చాలావరకు పీతకు కాలేయంలా పనిచేసే అవయవం. కాడ్మియం దాచుకునేదీ అక్కడే. పీతలు, రొయ్యల్లో కాడ్మియానికి యూరప్ పరిమితి కిలోకు 0.5 మిల్లీగ్రాములు, అదీ కాళ్ళ కండకూ పొట్ట కండకూ మాత్రమే. తల, డొప్ప ఆ లెక్కలోకి రావు. అంటే పరీక్షలో పాసైన రొయ్య అయినా, దాని తలకాయల పులుసుకు ఆ పాసు వర్తించదు. ఎప్పుడో ఒకసారి తింటే ఏమీ కాదు. వారం వారం పిల్లలకు పెట్టొద్దు.

అపోహ: "కాడ్మియం పరిమితికి రెండున్నర రెట్లు" అని పేపర్లో పడింది కాబట్టి మన గుల్లలన్నీ విషమే.

ఇలాంటి వార్త చూస్తే ముందు నేను వెతికేది ఎండు బరువా, పచ్చి బరువా అని. పరిశోధన పత్రాల్లో అంకెలు ఎక్కువగా ఎండబెట్టిన మాంసం మీద ఇస్తారు. ఆహార పరిమితులేమో పచ్చి మాంసం మీద ఉంటాయి. గుల్ల మాంసంలో దాదాపు 80 శాతం నీరే. ఎండు బరువులో కాడ్మియం కిలోకు 5 మిల్లీగ్రాములంటే పచ్చి మాంసంలో 1 మాత్రమే. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి 2. అయిదుకూ రెండుకూ పోలిక పెట్టేసి హెడ్డింగు కొట్టేస్తే చిప్పలు ఏరి అమ్ముకునేవాళ్ళ నోటి దగ్గర కూడు పోతుంది.

అలాగని పరిమితిలోపు ఉంటే ఎంతైనా తినొచ్చని కాదు. కాడ్మియం మూత్రపిండాల్లో చేరితే పదేళ్ళు, ఇరవై ఏళ్ళు కదలదు. అంతర్జాతీయ నిపుణుల సంఘం 2010లో పెట్టిన హద్దు నెలకు, శరీర బరువు కిలోకు 25 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి 1.5 మిల్లీగ్రాములు. సరిగ్గా పరిమితి అంచున ఉన్న గుల్లలైతే నెలకు ముప్పావు కిలోతోనే అది నిండిపోతుంది, మనం తినే అన్నంలోంచి వచ్చేది కలపకుండానే. శుభ్రమైన నీళ్ళలో పెరిగినవాటిలో ఇంతకన్నా చాలా తక్కువే ఉంటుంది.

అపోహ: రొయ్యల్లో ఆర్సెనిక్ ఉంది, ముట్టుకోవద్దు.

ఉంటుంది. చాలావరకు ఆర్సెనోబీటైన్ అనే సేంద్రియ రూపంలో ఉంటుంది, అది పెద్దగా హాని చేయకుండా మూత్రంలో పోతుంది. మొత్తం ఆర్సెనిక్ అంకె చూసి కంగారుపడొద్దు, అందులో అసలు విషమైన అకర్బన ఆర్సెనిక్ ఎంతో అడగండి.

అపోహ: బాలింతకు ఏ సొరచేప పుట్టు పెట్టినా మంచిదే.

ఈ మాట ఇంట్లో అంటే నాకే తిట్లు పడతాయి. పాదరసం వేటాడే చేపల్లో, అందులోనూ ఏళ్ళ తరబడి బతికే పెద్దవాటిలో పేరుకుంటుంది. పైగా కండలోనే ఉంటుంది, తీసి పారేసే భాగమంటూ లేదు. తల్లి నుంచి కడుపులో బిడ్డకు చేరుతుంది. 1956లో బయటపడిన జపాన్ మినమాటా వ్యాధిలో, పైకి పెద్దగా లక్షణాల్లేని తల్లులకు కూడా మెదడు దెబ్బతిన్న పిల్లలు పుట్టారు. అక్కడిది ఫ్యాక్టరీ వదిలిన పాదరసం, మన బజారు చేపతో సమానం కాదు. అయినా గర్భిణులు, పాలిచ్చే తల్లులు మానుకోవాల్సిన చేపల్లో అమెరికా ఆహార శాఖ సొరను చేర్చింది.

నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు నిక్షేపంగా పెట్టొచ్చు. పిల్ల సొరలో పెద్దదానికన్నా పాదరసం తక్కువే, కానీ కోసిన ముక్క చూసి అది పిల్లదో పెద్దదో చెప్పలేం. బాలింతకు సొర పెట్టక తప్పదంటే, చేప మొత్తంగా ఉండగా చూసి చిన్నదాన్నే కోయించుకోండి.