పాడె, పలకలు (డప్పులు) లేని దహనం: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో అంతిమ సంస్కారాల ఏర్పాట్లు చూడడం నా వృత్తి. ఫ్రీజర్ బాక్సు పంపడం, వాహనం, పాడె, కట్టెలు, కాటికాపరితో మాట్లాడడం, అయ్యవారిని పిలిపించడం, అన్నీ నా పనే. ఈ మధ్య ఫోన్లలో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది: “అన్నా, ఏ తంతూ లేకుండా ఆసుపత్రి నుంచి నేరుగా తీసుకెళ్లి దహనం చేయించవచ్చా?” అడిగేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాదులోనో బెంగళూరులోనో విదేశంలోనో ఉన్న పిల్లలు. తమ సంగతి తామే అడిగే పెద్దవాళ్లు కూడా ఉంటారు, వాళ్ల ప్రశ్నలే సూటిగా ఉంటాయి.

బ్రిటన్, అమెరికాల్లో దీన్ని డైరెక్ట్ క్రిమేషన్ అంటారు. కడచూపుకు ఉంచడం, ప్రార్థన సభ, ఊరేగింపు ఏవీ ఉండవు. సంస్థవాళ్లు వచ్చి దేహాన్ని తీసుకెళ్లి, దహనం చేసి, బూడిదను కుటుంబానికి అందజేస్తారు. 2016 జనవరిలో గాయకుడు డేవిడ్ బోవీ చనిపోయినప్పుడు అలాగే జరిగిందని పత్రికల్లో వచ్చాక అక్కడ చాలామందికి దీని సంగతి తెలిసింది. మన దగ్గర ఎంత నిరాడంబరంగా చేసినా మోయడానికి నలుగురు వస్తారు. కాబట్టి మన నేరు దహనం అంటే ఇంటి నుంచో ఆసుపత్రి నుంచో శ్మశానానికి వెళ్లడం, స్నానం, కొత్త బట్ట, నిప్పు, అంతే. దీని చుట్టూ అల్లుకున్న మాటలు మాత్రం చాలా ఉన్నాయి.

అపోహ: ఇలా చేస్తే చావు ఖర్చు బాగా తగ్గిపోతుంది.

చాలామంది నాకు ఫోను చేసేది ఈ ఆశతోనే. లెక్క విడమరిచి చెబితే ఆశ్చర్యపోతారు. తగ్గేవి పలకలు, పూలరథం, టపాసులు, టెంటు, కుర్చీలు, దారి పొడవునా చల్లే బొరుగులు, చిల్లర. కట్టెలు తగ్గవు, వాహనం తగ్గదు, కాటికాపరి కూలి తగ్గదు, తగ్గించమని అడగనూ కూడదు. అసలు ఖర్చు శ్మశానం దాటాకే మొదలవుతుంది. మూడో రోజు పాలు, ఆపైన పెద్ద దినం, ఊరంతటికీ భోజనాలు, కొన్ని ఇళ్లలో పొట్టేళ్లు, ఆడపడుచులకు బట్టలు. అప్పు చేసేది వీటికే, ఏళ్ల తరబడి వడ్డీ కట్టేదీ వీటికే. దహనం నిరాడంబరంగా జరిపించి, నలుగురి నోళ్లు మూయించడానికి దినం రెట్టింపు ఆర్భాటంగా చేసిన కుటుంబాలను చూశాను. వాళ్లకు మిగిలింది ఏమీ లేదు. ఖర్చే మీ బాధ అయితే మొదట దినం రోజు ఎంతమందిని పిలవాలో తేల్చుకోండి. పలకల సంగతి తర్వాత.

పనిలో పనిగా రెండు మాటలు. దహన, ఖనన సేవలకూ, దేహాన్ని తరలించే వాహనానికీ జీఎస్టీ వర్తించదు, బిల్లులో ఎవరైనా వేస్తే నిలదీయండి. ప్రభుత్వ పెద్దాసుపత్రుల నుంచి దేహాన్ని ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం వాహనాలు ఉచితంగా ఉన్నాయి. సిబ్బందిని అడగకుండానే ప్రైవేటు బండి మాట్లాడుకునేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే.

అపోహ: ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకెళ్లకూడదు, ఇంటి గడప చూపించాలి.

మన పల్లెల్లోనే దీనికి విరుద్ధమైన ఆచారం ఉంది. ఊరి బయట ప్రాణం పోయినవాళ్లను ఇంట్లోకి తీసుకురాని కుటుంబాలు ఎన్నో. ఇంటి ముందు పందిరి వేసి అక్కడే ఉంచుతారు, లేదా పొలిమేర నుంచే మళ్లిస్తారు. పట్నంలో అద్దె ఇళ్ల యజమానులు దేహాన్ని లోపలికి రానివ్వకపోవడం ఇంకో సంగతి. అది ఆచారం కాదు, నిర్దయ. ఏదైనా, ఆసుపత్రి నుంచి నేరుగా వెళ్లడం కొత్తగా కనిపెట్టిన తప్పేమీ కాదు.

అపోహ: మంత్రం లేకుండా కాలిస్తే గతులు ఉండవు.

నేను పురోహితుణ్ణి కాను. కానీ ఇన్నాళ్లుగా అయ్యవార్ల పక్కనే నిలబడి చూస్తున్నవాణ్ణి. దేహమే దొరకనప్పుడు, అంటే నీళ్లలో కొట్టుకుపోయినప్పుడు, పరదేశంలో పోయినప్పుడు, దర్భలతో, మోదుగ ఆకులతో ప్రతికృతి చేసి దానికి సంస్కారం జరిపే విధి శాస్త్రంలోనే ఉంది. దేహం లేకపోయినా కర్మ చేయవచ్చని చెప్పే శాస్త్రం, దేహం ముందు మంత్రం చదవలేదని తలుపు మూసేస్తుందా? దహనం ఈ రోజు నిశ్శబ్దంగా జరిపించి, పదో రోజు నుంచి అపరకర్మలు పూర్తిగా చేసే కుటుంబాలు ఉన్నాయి. కొడుకు కువైట్ నుంచి వచ్చేసరికి దహనం అయిపోయి ఉంటే అతను దినాల్లో చేరి కర్త బాధ్యత తీసుకోవడం కడప వైపు ఇళ్లలో తెలిసిన విషయమే.

ఇంకోటి. దహనమే అందరి పద్ధతీ కాదు. సన్యాసులకు దహనం లేదు. మన జిల్లాలోని మంత్రాలయానికి వెళ్లేవాళ్లందరూ మొక్కేది రాఘవేంద్రస్వామి సమాధికి, అంటే బృందావనానికి. లింగాయతులు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. సీమలో ఖననం చేసే కులాలు బోలెడు. ఇక నిరాడంబరంగా చేస్తే చనిపోయినవాళ్లకు అవమానం అనేవాళ్లను కర్నూలు పాతబస్తీలోనో కడపలోనో ఒక జనాజా, అంటే ముస్లింల అంతిమయాత్ర, చూడమంటాను. గుసుల్ (దేహానికి స్నానం), తెల్లని కఫన్ (చుట్టే గుడ్డ), నమాజు, వీలైనంత వరకు ఆ రోజే ఖననం. పేదకూ ధనికుడికీ అదే గుడ్డ. అందులో ఎవరికైనా అమర్యాద కనిపిస్తుందా?

అపోహ: కోవిడ్‌లో చూశాం కదా, నేరు దహనం అంటే అదే.

ఈ అపోహను నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. 2020, 2021ల్లో మన కుటుంబాలకు నేరు దహనం బలవంతంగా పరిచయమైంది. సంచిలో చుట్టి, ఎవరో రక్షణ దుస్తులవాళ్లు తీసుకెళ్లి, మొహం కూడా చూపకుండా కాల్చేశారు. నిజానికి 2020 మార్చిలో వచ్చిన కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు సిబ్బంది సంచి మొహం దగ్గర తెరిచి కడచూపు చూపించవచ్చని, తాకనవసరం లేని మంత్రపఠనం, తీర్థం చల్లడం వంటివి చేయవచ్చని చెప్పాయి. భయంలో, రద్దీలో చాలాచోట్ల అది కూడా జరగలేదు. అందుకే “నేరుగా” అనే మాట వినగానే ఆడవాళ్ల కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి.

కానీ ఆనాడు కుటుంబానికి వేరే దారి ఇవ్వలేదు. ఇప్పుడు దారి మీరే ఎంచుకుంటారు. ఏది ఉంచుకోవాలో, ఏది వద్దో కూడా మీదే నిర్ణయం. ఊరేగింపు వద్దనుకున్న ఒక ఇంట్లో శ్మశానం గేటు దగ్గర పది నిమిషాలు ఆగారు. అవ్వ మొహం తుడిచి, నుదుట విభూతి పెట్టి, మనవరాళ్లు ఒక్కొక్కరే వచ్చి నోటి దగ్గర బియ్యం పోశారు. పెద్ద కూతురు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలిచింది. శ్మశానానికి వెళ్లే దారిలో పాడెను దింపే దింపుడు కల్లంలో చేసేది అంతే కదా. ఆ తర్వాత చితి. మొత్తం గంటన్నర పట్టలేదు. తర్వాత వాళ్లలో ఎవరూ ఏదో లోటు జరిగిందని నాతో అనలేదు.

అపోహ: కరెంటు పొయ్యి ఉంటేనే ఇది కుదురుతుంది.

కాదు. విద్యుత్ లేదా గ్యాసు దహనవాటిక ప్రతి ఊళ్లోనూ ఉండదు, ఉన్నచోట అది ఆ రోజు పనిచేస్తోందో లేదో ముందు ఫోనులో కనుక్కోవాలి. కట్టెల చితితోనూ నేరు దహనం చేయవచ్చు. ఒక చితికి సుమారుగా నాలుగైదు క్వింటాళ్ల కట్టె పడుతుంది. తుమ్మ, వేప మొద్దులు ఎండినవి అయితే ఐదారు గంటల్లో పని అయిపోతుంది. వానాకాలంలో తడి కట్టె అంటగడితే రాత్రంతా పొగే. పేర్చేటప్పుడు లావు మొద్దులు అడుగున, గాలి ఆడేలా సందులు వదిలి, ఛాతీ, నడుము భాగాల మీద బరువైనవి పెట్టాలి. కాటికాపరికి తెలుసు, మీరు పక్కనుండి పురమాయించకండి.

విద్యుత్ పొయ్యిలో వేడి 800 నుంచి 1000 డిగ్రీల దాకా ఉంటుంది, గంటన్నర, రెండు గంటల్లో పూర్తవుతుంది. అందులోకి పంపే ముందు పాలిస్టర్ చీరలు, ప్లాస్టిక్ దండలు, గాజులు, టెంకాయలు తీసేయాలి. అన్నిటికంటే ముఖ్యం పేస్‌మేకర్. గుండెకు పెట్టిన ఆ యంత్రం బ్యాటరీ వేడికి పేలుతుంది, పొయ్యి దెబ్బతింటుంది, దగ్గరున్నవాళ్లకూ ప్రమాదం. ఆసుపత్రిలో ఉండగానే తీయించండి. ఇంట్లో పోతే నాలాంటివాళ్లకు ముందే చెప్పండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అపోహ: పొయ్యిలో అందరి బూడిదా కలిసిపోతుంది.

ఒకసారికి ఒక్క దేహమే లోపలికి వెళ్తుంది. అది పూర్తయ్యాక ఎముకలు బయటికి తీసి, ఆ తర్వాతే తర్వాతివారిని పంపుతారు. గోడల సందుల్లో చిటికెడు మిగిలిపోవడం ఉంటుంది, అలా అసలే ఉండదని చెబితే అబద్ధమవుతుంది. అనుమానం ఉంటే ఒకరు అక్కడే నిలబడండి.

విదేశాల్లో ఉన్న పిల్లలు అడిగే ఇంకో ప్రశ్న: “మెత్తటి పొడి కదా ఇస్తారు?” అక్కడ ఎముకలను యంత్రంలో వేసి పొడి చేస్తారు. మన దగ్గర సాధారణంగా ఎముక ముక్కలే వస్తాయి, తెల్లగా, వేలితో నొక్కితే చిట్లేలా. పాలతో, నీళ్లతో కడిగి కుండలో పెట్టి గుడ్డ కట్టి ఇస్తాం. కట్టెల చితి అయితే నిప్పు చల్లారాలి కాబట్టి మర్నాడో మూడో రోజో ఏరుతారు. పొయ్యి అయితే ఆ రోజే చేతికి వస్తాయి, మూడో రోజు పాలు ఆ కుండ దగ్గరే పోయవచ్చు. నిమజ్జనానికి కాశీకే పోవాలని లేదు. మనకు తుంగభద్ర ఉంది, సంగమేశ్వరం ఉంది, కడపవాళ్లకు పుష్పగిరి దగ్గర పెన్న, అనంతపురంవాళ్లకు తాడిపత్రి దగ్గర పెన్న. కాశీకి పోవాలని ఉండీ పోలేనివాళ్ల కోసం అస్థికలను స్పీడ్ పోస్టులో పంపే సదుపాయాన్ని తపాలా శాఖ 2021లో ప్రకటించింది.

అపోహ: ముందు దహనం కానివ్వండి, కాగితాల సంగతి తర్వాత.

ఇందులోనే అసలు ప్రమాదం ఉంది. ఊరేగింపుతో పోయే చావుకు ఊరంతా సాక్షి. నలుగురితో జరిగే దహనానికి కాగితమే సాక్షి. ఆసుపత్రిలో పోతే మరణ కారణం తెలిపే పత్రాన్ని ఆసుపత్రి ఉచితంగా ఇవ్వాలి, 2023 సవరణ చట్టం స్పష్టంగా చెప్పింది. ఇంట్లో పోతే వైద్యం చేసిన డాక్టరు దగ్గర తీసుకోండి. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఆ తర్వాత ఆలస్య రుసుము, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ స్థాయి అధికారి ఉత్తర్వు.

సహజ మరణానికి పోలీసులతో పనిలేదు. కానీ రోడ్డు ప్రమాదం, పురుగుల మందు, ఉరి, కరెంటు షాకు, పాముకాటు, పెళ్లయి ఏడేళ్లు నిండని ఆడపిల్ల చావు, వీటిలో ఏదైనా సరే, పోలీసు విచారణ లేకుండా దహనం చేయకూడదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద ఇన్‌క్వెస్ట్ జరగాలి. “పోయినోడిని కోయించడం దేనికి” అని పొలంలో పాము కరిచిన మనిషిని సాయంత్రానికే కాల్చేస్తారు. ప్రధానమంత్రి సురక్షా బీమాలో రావలసిన 2 లక్షలు ఆ మంటలోనే పోతాయి. పోస్టుమార్టం నివేదికో ఆసుపత్రి రికార్డో లేనిదే ప్రమాదమని ఎలా నిరూపిస్తారు? ఇలాంటి దహనానికి నేను వాహనం పంపను, ఎంత దగ్గరివాళ్లయినా.

అపోహ: నేత్రదానం చేస్తే దహనం ఆలస్యమవుతుంది.

అరగంట పని. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు జరగాలి. కళ్లు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపండి.

అపోహ: కూతురు కొరివి పెట్టకూడదు.

ఏ చట్టమూ అడ్డు చెప్పదు. తలకొరివి పెట్టిన కూతుళ్లు మా శ్మశానంలోనే ఉన్నారు.

అపోహ: చదువుకున్నవాళ్లందరికీ ఇదే సరైన పద్ధతి.

కాదని నా అభిప్రాయం. పండుముసలి నిండుగా బతికి, తానే “నాకు ఏ ఆర్భాటమూ వద్దు నాయనా” అని చెప్పి పోతే నేరు దహనం హాయిగా జరుగుతుంది. వయసులో ఉన్నవాళ్లు హఠాత్తుగా పోయినప్పుడు వద్దంటాను. తల్లి నమ్మాలంటే చూడాలి, తాకాలి, ఏడవాలి. ఆ రెండు మూడు గంటలు లాక్కోవద్దు. అన్నదమ్ముల్లో ఒకరికి ఇష్టం లేకపోయినా వద్దంటాను. శ్మశానంలో మొదలైన తగాదా ఆస్తి పంపకాల దాకా వెళ్లడం నేను చూస్తూనే ఉన్నాను. భార్య బతికి ఉంటే ఆమె మాటే చివరిది, అమెరికా నుంచి మాట్లాడే కొడుకుది కాదు.

ఆగడం అంటే మూడు రోజులు ఉంచడం అని కాదు. మే నెల కర్నూలు ఎండలో ఫ్రీజర్ బాక్సుకూ హద్దు ఉంది. వచ్చినవాళ్లందరికీ మూత తెరిచి చూపిస్తే చల్లదనం నిలవదు. అద్దం ఉన్నది అందుకే.

అపోహ: వీలునామాలో రాశాను, ఇక చింత లేదు.

వీలునామా బీరువా నుంచి బయటికి వచ్చేది దినాలు అయ్యాక. అప్పటికి పలకలు మోగి, పూలరథం తిరిగి, అంతా అయిపోయి ఉంటుంది. ఇది వేరే కాగితం మీద రాయాలి: ఎవరు నిప్పు పెట్టాలి, ఊరేగింపు ఉండాలా, అస్థికలు ఎక్కడ కలపాలి, దినం చేయాలా, చేస్తే ఎంతమందికి. పేస్‌మేకర్ ఉంటే అదీ రాయండి. సంతకం, తేదీ వేసి, పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒకసారి బిగ్గరగా చదివి వినిపించండి. ఒప్పుకునే పెద్దకొడుకు దగ్గర ఒక ప్రతి ఉంటే చాలదు, పేచీ పెడతాడని మీకు తెలిసిన తమ్ముడికీ ఒకటి ఇవ్వండి.