డాక్‌కు వేరే పవర్ సప్లై: తగువు ఎలా మొదలైంది?

ఇంట్లో శ్రద్ధగా పాటలు వినేవాళ్ల మధ్య ఏళ్లుగా తెగని తగువు ఒకటుంది. డిజిటల్ ఫైలును సంగీతంగా మార్చే పరికరం డాక్ (DAC). దానికి కంపెనీ ఇచ్చిన చిన్న అడాప్టర్ చాలదని, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న లీనియర్ పవర్ సప్లై తగిలిస్తే పాట తేటపడుతుందని కొందరంటారు. అదంతా భ్రమ అంటారు మిగతావాళ్లు. ఇద్దరి మాటలకూ ఆధారం ఉంది, కానీ ఆ ఆధారాలు వేర్వేరు కాలాలవి.

1982 అక్టోబరులో సోనీ తొలి సీడీ ప్లేయర్ జపాన్‌లో అమ్మకానికి వచ్చినప్పుడు డాక్ అంటే దాని లోపలి చిప్పే. 1980ల చివరికి బ్రిటన్‌లో ఆర్కమ్ బ్లాక్ బాక్స్ లాంటివి వచ్చి డాక్ విడి పెట్టె అయింది. అక్కడి నేమ్ (Naim) అనే ఆడియో కంపెనీ ఇంకో అడుగు వేసింది. 2009లో తెచ్చిన డాక్ మామూలుగా కరెంటుకు తగిలించినా పనిచేస్తుంది, కావాలంటే పెద్ద పవర్ సప్లైని విడిగా కొని జోడించుకోవచ్చు. ‘అప్‌గ్రేడ్’ అలవాటు పాకడంలో ఇలాంటి కంపెనీల పాత్ర పెద్దదే.

అయితే దీన్ని వట్టి వ్యాపారం అనలేం. డాక్ చేసే పని ఒక అంకెను రిఫరెన్స్ వోల్టేజీతో, అంటే కొలబద్దలా వాడే స్థిరమైన వోల్టేజీతో, గుణించడం. ఆ వోల్టేజీ వణికితే వణుకు నేరుగా పాటలోకి వస్తుంది. 2 వోల్టుల (ఆర్‌ఎంఎస్, అంటే ఒక రకం సగటు) అవుట్‌పుట్‌లో 16 బిట్ల సీడీకి అతి చిన్న మెట్టు, అంటే చూపగల అతి చిన్న వోల్టేజీ తేడా, సుమారు 86 మైక్రోవోల్టులు. 24 బిట్ల ఫైలుకైతే 0.34 మాత్రమే. 1970ల నుంచి అందరూ వాడిన ఎల్ఎం317 రెగ్యులేటర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే చిప్) 5 వోల్టులు ఇస్తే దాని సొంత రొదే 150 మైక్రోవోల్టుల దాకా ఉంటుంది. అందుకే వాల్ట్ జంగ్ లాంటి ఇంజినీర్లు 1990ల్లో తక్కువ రొద రెగ్యులేటర్ల మీద అంత శ్రమ పెట్టారు. ఆనాటి పెట్టెల్లో సప్లై మారిస్తే తేడా వినిపించిందన్నవాళ్లను నేను నమ్ముతాను.

తర్వాత అడాప్టర్లే మారిపోయాయి. 2009లో యూరోపియన్ యూనియన్ విద్యుత్ పొదుపు నిబంధనలు తెచ్చింది. ఊరికే ప్లగ్గులో ఉన్నప్పుడు చిన్న అడాప్టర్ 0.3 వాట్లకు మించి తాగకూడదనే షరతు 2011లో అమల్లోకి వచ్చింది. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్లకు అది కష్టం. వాటి చోటును తేలికైన స్విచింగ్ అడాప్టర్లు తీసుకున్నాయి. ఇవి సెకనుకు వేల, లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ ఎక్కువ ఫ్రీక్వెన్సీ రొద పుట్టిస్తాయి. అదే రోజుల్లో కంప్యూటర్ యూఎస్‌బీ నుంచే 5 వోల్టులు తీసుకునే డాక్‌లు పెరిగాయి. పాత భయం మళ్లీ లేచింది.

దానికి మందు కూడా వచ్చింది. 2015లో లీనియర్ టెక్నాలజీ తెచ్చిన ఎల్‌టీ3042 అనే చిన్న చిప్ రొద 0.8 మైక్రోవోల్టులే. ఇలాంటి రెగ్యులేటర్లను డాక్ లోపలే పెట్టడం మొదలయ్యాక బయటి రొద చాలావరకు అక్కడే ఆగిపోతోంది. చక్కగా డిజైన్ చేసిన నేటి డాక్‌కు సప్లై మార్చినా కొలతల్లో తేడా కనపడటం అరుదు.

మన ఇళ్లలో మిగిలిన అసలు సమస్య ఎర్తింగ్. రెండు పిన్నుల స్విచింగ్ అడాప్టర్ లోపలి చిన్న కెపాసిటర్ గుండా మెయిన్స్ కరెంటు కొద్దిగా లీకవుతుంది. మూడు పిన్నుల సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ వైరు లేని ఇళ్లు ఎన్నో. ల్యాప్‌టాప్, డాక్, యాంప్లిఫయర్ కలిపితే ఆ లీకేజీ కేబుళ్ల వెంట తిరిగి ‘గుంయ్’మని హమ్ వినిపిస్తుంది. వేలు పోసి లీనియర్ సప్లై కొనేముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి, బ్యాటరీ మీద ఓ పాట వినండి. హమ్ పోతే తప్పు చార్జర్‌ది, డాక్ సప్లైది కాదు. అయినా మార్చాలనుకుంటే వోల్టేజీ, పిన్ను ప్లస్-మైనస్‌లు డాక్ వెనక రాసి ఉన్నవాటితో సరిచూడండి. 5 వోల్టుల డాక్‌కు 12 వోల్టులు ఇస్తే అది కాలిపోవచ్చు.