ఎల్ నినో అంటే నెల్లూరుకు కరువేనా?

మధ్య, తూర్పు పసిఫిక్ సముద్రం నీళ్లు మామూలుకన్నా వేడెక్కడాన్ని 'ఎల్ నినో' అంటారు. టీవీలో ఆ మాట వినపడగానే మనవైపు కూడా ఈ ఏడు వానలు లేనట్టే అనుకుంటారు. ఆ లెక్క తెలంగాణకు చెల్లినంతగా పెన్నా డెల్టాకు చెల్లదు. ఎందుకో తెలియాలంటే ధాత నామ సంవత్సరపు కరువు దాకా వెళ్లాలి.

1876లో నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ మొహం చాటేశాయి. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. ఆకలి జనానికి బకింగ్‌హాం కాలువ తవ్వకమే కూలి. ఒంగోలు మిషనరీ క్లౌ అందులో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. మరుసటేడు నైరుతీ దెబ్బతింది. అదే సమయంలో ఉత్తర చైనాలో, ఈశాన్య బ్రెజిల్‌లో కరువు. పెరూలో మాత్రం వరదలు. 1877 నాటి ఈ విపరీతాలన్నీ ఎల్ నినో అనే ఒకే తాటి మీదివని అప్పుడెవరికీ తెలియదు.

1904లో భారత వాతావరణ శాఖ పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్ గణితం మనిషి. దేశదేశాల గాలి పీడనం అంకెలు పోగేసి, గుమాస్తాలతో లెక్కలు కట్టించారు. పసిఫిక్ వైపు పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతోంది, అటు తగ్గితే ఇటు పెరుగుతోంది. అచ్చం ఏతమే. 1924లో దానికి 'సదరన్ ఆసిలేషన్' అని పేరు పెట్టారు గానీ, కారణం చెప్పలేకపోయారు. క్రిస్మస్ వేళకు తమ తీరంలో నీళ్లు వేడెక్కడాన్ని పెరూ జాలర్లు బాలయేసు పేరుతో ఎల్ నినో అనేవారు. ఆ వేడినీళ్లకీ ఈ ఏతానికీ ముడి వేసింది 1969లో వాతావరణ శాస్త్రవేత్త బ్యెర్క్‌నెస్.

ముడి ఉందంటే ప్రతిసారీ ఒకే ఫలితమని కాదు. 1997లో ఎల్ నినో మహా బలంగా ఉన్నా దేశంలో నైరుతి వాన సగటుకు తగ్గలేదు.

మనకు అసలు పాఠం 2015. దేశంలో నైరుతి వాన 14 శాతం తక్కువ. అదే ఎల్ నినో ఏడు నవంబరులో నెల్లూరు జిల్లా దక్షిణాన ఊళ్లకు ఊళ్లు మునిగాయి. నెల్లూరు వానలో పెద్ద వాటా ఈశాన్యానిదే. ఎల్ నినో ఏళ్లలో తూర్పుగాలులు బంగాళాఖాతం తేమను దక్షిణ కోస్తా మీదికి ఎక్కువగా తోలుకొచ్చే అవకాశం ఉంటుంది. పసిఫిక్ నీళ్లు చల్లబడే లా నినా ఏళ్లలో తరచూ ఇది తిరగబడుతుంది.

ప్రకాశం పడమటి మెట్టలకు ఈ ఊరట అంతగా అందదు, అక్కడ నైరుతి మీద ఆధారం ఎక్కువ. డెల్టా రైతుకూ ఒక మెలిక ఉంది: పెన్నా మీది సోమశిల జలాశయానికి చేరే శ్రీశైలం నీళ్లు నైరుతి చలవే.